పడమటి గోడలో కమాను

దబీర్‌పురా స్టేషన్ వైపు నుంచి వచ్చే ఒక ఇరుకు గల్లీలో మా చర్చి ఉండేది. కొత్తవాళ్లు దాన్ని గమనించకుండా దాటిపోయి, ముందున్న సైకిల్ దుకాణంలో అడిగి, మళ్లీ వెనక్కి వచ్చేవారు. ఎత్తైన శిఖరం లేదు. మిద్దె మీద రెండు ఇటుక స్తంభాల మధ్య వేలాడే గంట, గేటు మీద సున్నంతో చేసిన చిన్న శిలువ, ఇవే గుర్తులు. లోపలికి అడుగుపెడితే మాత్రం అది ఎంత పాతదో ఒంటికి తెలిసేది. గోడలు రాయీ డంగుసున్నమూ కలిపి కట్టినవి. కిటికీ గూట్లో పిల్లలం ఇద్దరు ముగ్గురం ఒదిగి కూర్చునేంత మందం. పైన నల్లబడిన టేకు దూలాలు. కిటికీల మీద మొనదేలిన కమానులు. మే నెల మధ్యాహ్నం బయట ఎండ కాల్చేస్తున్నా లోపల నేల చల్లగా ఉండేది.

దాన్ని ఎవరు కట్టారో మాలో ఎవరికీ సరిగ్గా తెలియదు. నిజాం కాలంలో ఎవరో దొర కట్టించాడని ఒకరు, మిషన్ వాళ్లు కొన్నారని ఇంకొకరు అనేవారు. కొన్ని వింతలు ఉండేవి కాని మేం వాటి మధ్యే పెరిగాం కాబట్టి అవి వింతలని తోచలేదు. చాలా చర్చిల్లో బలిపీఠం తూర్పున ఉంటుంది, మాది పడమటి గోడకు ఉండేది. నేల ఒక పక్కకు వాలి ఉండేది. ఆ పక్క బెంచీల కాళ్ల కింద చెక్కముక్కలు పెట్టేవాళ్లం. స్తంభాలకు ఛాతీ ఎత్తున ఇనుప కడియాలు దిగేసి ఉండేవి. క్రిస్మస్‌కు వాటికి రంగు కాగితాల తోరణాలు కట్టడం ఆడపిల్లల పని.

మా బాపు రైల్వేలో ఫిట్టర్. నాకు డెబ్బైల చివర్లో ఒక ప్రభుత్వ ఆఫీసులో ట్రేసర్ ఉద్యోగం దొరికింది. ఇంజనీర్లు పెన్సిల్‌తో గీసిన పటాలను పల్చటి ట్రేసింగ్ గుడ్డ మీద నల్ల సిరాతో దించడం నా పని. మా చుట్టాల్లో ఆఫీసుకు వెళ్లిన మొదటి ఆడపిల్లను నేనే. అందుకే, ఒక వానాకాలం పడమటి గోడకు పైనుంచి కింది దాకా పగులు కనిపించినప్పుడు అయ్యగారు, అంటే మా పాస్టరు, నన్ను పిలిచారు.

"గోడ బాగు చేయాల్నా, మొత్తం కూలగొట్టి స్లాబు వేయాల్నా అని సంఘంల లొల్లి నడుస్తున్నది బిడ్డా. ముందుగాల ఉన్నది ఉన్నట్టు ఒక పటం గీసియ్యి. అది ముందర పెట్టుకుని మాట్లాడదం."

పగులు గురించి అప్పటికే ఒక తగాదా ఉంది. ఆ గోడకు అవతల ఒక ఇల్లు ఉండేది. అందులో ఉర్దూ బడిలో పనిచేసి రిటైరైన పెద్దాయన, ఆయన భార్య, కొడుకూ కోడలూ ఉండేవారు. గల్లీలో పిల్లలందరిలాగే నేనూ ఆయన్ని చాచా అనేదాన్ని. వాళ్ల మిద్దె నీళ్లు మా గోడ మీద కారుతున్నాయి కాబట్టే పగులు వచ్చిందని మావాళ్లు అనేవారు. మా గంట అదురుకే గోడ పగిలిందని వాళ్లు అనేవారు. ఒకసారి చాచా కొడుకూ మా సంఘపెద్ద ఒకాయనా గేటు దగ్గర గొంతులు పెంచుకున్నారు. అప్పటి నుంచి రెండిళ్ల మధ్య పలకరింపులు తగ్గాయి.

హిందూ ముస్లిం గొడవలతో ఊళ్లో రోజులూ బాగాలేవు. ఏదైనా ఊరేగింపు ఉందంటే పత్తర్‌గట్టి బజారులో మధ్యాహ్నానికే షట్టర్లు దిగేవి. కర్ఫ్యూ అనే మాట మా ఇళ్లల్లో కిరోసిన్, చక్కెర అన్నంత మామూలుగా వినిపించేది. ఆ నెలలోనే ఒకసారి పెట్టి ఎత్తేశారు.

శనివారం నేను టేపు పట్టుకుని కొలుస్తుంటే, వాననీళ్లు దిగకుండా అప్పటిమటుకు పగులు పూడ్చడానికి పిలిచిన మేస్త్రి నిచ్చెన మీద నుంచి దాని వెంట పాత గచ్చు చెక్కుతున్నాడు. కింద ఒక కూలీ తట్ట పట్టుకుని నిలబడ్డాడు. అయ్యగారూ సంఘపెద్దా బెంచీల దగ్గర నుంచి చూస్తున్నారు. బలిపీఠం వెనక గోడను సుత్తితో తట్టి చూశాను. ఒకచోట గట్టిగా, ఇంకోచోట డొల్లగా శబ్దం వచ్చింది. "ఇక్కడ చెక్కి చూడు" అన్నాను. మేస్త్రి రెండు దెబ్బలు వేశాడో లేదో గచ్చు పెద్ద పలకలాగా ఊడి నేల మీద పడింది. దుమ్ము తగ్గాక అందరం తలెత్తి చూశాం.

గోడ లోపల ఒక కమాను ఉంది. చెక్కిన నల్లరాళ్లు రెండు వైపుల నుంచి వంగి పైన మొనగా కలుసుకున్నాయి. చార్మినార్ చుట్టుపక్కల ఏ పాత దర్వాజా చూసినా కనిపించే ఆకారమే. దాని మధ్యనున్న ఖాళీని ఎప్పుడో చిన్నరాళ్లతో, మట్టితో నింపేశారు.

అయ్యగారు రెండడుగులు వెనక్కి వేశారు. పక్కనున్న సంఘపెద్ద గొంతు తగ్గించి, "పడమటి గోడకు... గిట్లాంటి కమాను... కొంపదీసి మసీదు గిట్ల కాదు గద?" అన్నాడు.

ఆ మాట నెమ్మదిగానే అన్నాడు. కాని తట్ట పట్టుకున్న కూలీ విన్నాడు. అతను విన్నాడని నేను చూశాను.

అయ్యగారు క్రిస్మస్ నాటకానికి వాడే ఆకుపచ్చ తెర తెప్పించి కమానుకు అడ్డంగా కట్టించారు. "ఈ సంగతి ఈ నాలుగు గోడలు దాటొద్దు" అన్నారు. మేస్త్రి తల ఊపాడు. తెర కట్టే ముందు, సోమవారం కొత్త సున్నం పట్టాలంటే పాత మట్టి పోవాలని, కమాను కింద నింపిన రాళ్లలో వదులైనవాటిని అతను తీసేశాడు. ఆ రాళ్లే ఇన్నాళ్లూ పైబరువు మోస్తున్నాయని మాకెవరికీ తట్టలేదు.

మర్నాడు ఆదివారం. ఆరాధనకు వెళ్లేసరికి గేటు బయట కొందరు నిలబడి ఉన్నారు. లోపలికి చూస్తున్నారు. గల్లీ చివర లారీలు బాగుచేసే మెకానిక్ వాళ్లలో ఉన్నాడు. చేతులకు ఎప్పుడూ గ్రీజు ఉండే భారీ మనిషి. నేను రోజూ ఆఫీసుకు వెళ్తుంటే "సలామ్ బెహెన్" అనేవాడు. ఆ రోజు అనలేదు.

లోపల పాటలు సన్నగా సాగాయి. డోలక్ వాయించేవాడు వేళ్లతోనే వాయించాడు. అయ్యగారు వాక్యం చదువుతూ ఒకే వచనాన్ని రెండుసార్లు చదివారు. కిటికీలోంచి గాలి కొట్టినప్పుడల్లా ఆ ఆకుపచ్చ తెర కదిలేది. అది కదిలినప్పుడల్లా బెంచీల్లో అందరి మెడలూ బిగుసుకునేవి. ఆశీర్వాదం అయ్యాక ఎవరూ నిలబడి మాట్లాడుకోలేదు. పిల్లల చేతులు పట్టుకుని గబగబా వెళ్లిపోయారు. అయ్యగారు, సంఘపెద్ద, బాపూ అమ్మా నేనూ, ఇంకో ఇద్దరు యువకులు మాత్రం మిగిలాం.

అప్పుడే వాన మొదలైంది. మామూలు వాన కాదు. కాసేపట్లోనే గల్లీలో నీళ్లు గేటు మెట్టు దాకా వచ్చాయి. గేటు బయటివాళ్లు మెకానిక్ షెడ్డు కిందకి చేరారు కాని ఇళ్లకు పోలేదు.

మా అమ్మ బెంచీలు సర్దుతూ, "ఏందో రాలుతున్నట్టున్నది" అంది.

తెర తీశాం. కమాను నడినెత్తిన ఉన్న రాయి పక్క రాళ్ల కంటే కిందికి జారి ఉంది. నిన్న అలా లేదు. నిన్న దాని అంచులన్నీ నేను చేత్తో తడిమాను. ఇప్పుడు దాని రెండు వైపులా సందులోంచి తడిసిన సున్నం పొడి సన్నటి ధారగా రాలుతోంది. పైనుంచి పగులులోకి వాననీళ్లు దిగుతున్నాయి.

బాపు గోడకు చెవి ఆనించి విన్నాడు. ఆయన గొంతు ఎప్పుడూ పెరగదు. అప్పుడూ పెరగలేదు.

"ఇది కూలితే మనదిక్కే కూలదు. గోడ ఒక్కటే. అవతల ఎవలున్నరు?"

అవతల చాచా భార్య ఉంది. తుంటి ఎముక విరిగి నెలల తరబడి మంచం మీదే ఉంది. ఏ గదిలో ఉందో మాకు తెలియదు. బాపుకూ నాకూ ఒకేసారి అదే భయం కలిగింది.

తడుస్తూ వెనక గల్లీలోకి పరుగెత్తాం. చాచా కొడుకు తలుపు కొంచెమే తెరిచాడు.

"భాయ్, గోడ జారుతున్నది. లోపల్నుంచి కూడా ఆపు పెట్టాలె. కొంచెం రానియ్యి" అన్నాడు బాపు.

"మీ మనుషుల్ని ఇప్పుడు ఇంట్లకు రానిస్తే గల్లీల ఏమనుకుంటరు? నిన్నటి సంది ఏం మాటలు నడుస్తున్నయో ఎరుక లేదా?" అన్నాడు. అతని కళ్లలో కోపం కంటే భయం ఎక్కువ ఉంది. "అయినా లోపల జనానా, ఆడోళ్లున్నరు. అమ్మ ఉన్నది."

"అమ్మ ఉన్నదనే వచ్చిన" అన్నాడు బాపు.

అతను తలుపు మూయబోయాడు. లోపలి నుంచి చాచా గొంతు వినిపించింది. "కౌన్ హై?" ఆయన వచ్చి కొడుకు భుజం మీదుగా నన్ను చూశాడు. నేను మాటలు వెతుక్కోలేదు. "చాచా, చాచీ మంచం ఏ గోడకుంది?" అన్నాను.

ఆయన కొడుకును పక్కకు జరిపాడు. తలుపు పూర్తిగా తెరిచి, "నువ్వు రా బేటీ" అన్నాడు.

ఆ గదిలో అడుగుపెట్టి తలెత్తాను. మా చర్చిలో ఉన్న కమానే అక్కడా ఉంది. అవే నల్లరాళ్లు, అదే మొన. వాళ్లు దాన్ని ఎప్పుడూ గచ్చుతో కప్పలేదు. మధ్యలో పలకలు దిగేసి పుస్తకాలూ మందుసీసాలూ పెట్టుకున్నారు. దాని కిందే మంచం. చాచీ దుప్పటి మీద, తెల్ల జుట్టు మీద సున్నం పొడి పడి ఉంది. "పొద్దుటి నుంచి పడుతున్నది, ఎలుకలనుకున్న" అంది ఆమె ఉర్దూలో, నన్ను చూసి కొంగు సర్దుకుంటూ.

కోడలూ నేనూ మంచం చెరో కొస పట్టుకున్నాం. మూడు కాళ్లు లేచాయి కాని మంచం కదలలేదు. ఒక కాలు నేల పగుల్లో ఇరుక్కుంది. పైన ఏదో కిర్రుమంది. ఒక పుస్తకం అరలోంచి జారి నా వీపు మీద పడింది. కోడలు "యా అల్లా" అంటూ మోకాళ్ల మీద కూర్చుని మంచం కాలు భుజంతో లేపింది. ఇద్దరం ఈడ్చుకుంటూ వంటగదిలోకి చేర్చాం. చాచీ నొప్పితో పళ్లు బిగించింది కాని అరవలేదు.

తిరిగి వచ్చేసరికి కమాను మధ్యలో నింపిన రాళ్లలో ఒకటి ఊడి చర్చి వైపు పడింది. ఆ సందులోంచి బాపు కళ్లు కనిపించాయి. నేను పుట్టి పెరిగిన చర్చిని నేను చాచా గదిలోంచి చూస్తున్నాను.

"బిడ్డా, ఇనవడుతున్నదా? ఆ రాయిని రెండు దిక్కుల నుంచి ఒక్కసారే లేపాలె. ఒక దిక్కు ఎక్కువ లేస్తే తిరిగి పడ్తది. జాకీలు కావాలె. లారీ జాకీలు."

చాచా నా వెనకే నిలబడి విన్నాడు. గొడుగు కూడా తీసుకోకుండా గల్లీలోకి దిగాడు. నేను కిటికీలోంచి చూశాను. మోకాళ్ల లోతు నీళ్లలో ఆయన మెకానిక్ షెడ్డు దాకా నడిచాడు. అక్కడున్నవాళ్లతో ఏమన్నాడో వానలో వినపడలేదు. ఒకడు చెయ్యి ఊపి ఏదో వాదించాడు. చాచా వాడి వైపు చూడకుండా మెకానిక్‌తోనే మాట్లాడాడు. మెకానిక్ గ్రీజు చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. తర్వాత వంగి రెండు జాకీలు తీశాడు. ఒకటి షెడ్డులోని కుర్రాడి చేతికి కాదు, ఇందాక వాదించినవాడి చేతికే ఇచ్చి, "చర్చికి పట్కపో" అన్నట్టు చెయ్యి చూపించాడు. రెండోదాన్ని తనే ఎత్తుకుని చాచా ఇంటి వైపు వచ్చాడు.

చర్చి వైపు బాపూ యువకులూ టేకు బెంచీలు తిరగేసి దిమ్మెల్లాగా పేర్చారు. చాచా గదిలో మేం తఖత్ అనే చెక్క మంచం పలకలు ఊడదీసి పేర్చాం. వాటి మీద జాకీ, జాకీ మీద అడ్డపలక, ఆ పలక కమాను రాయికి ఆనేలా. మెకానిక్ జాకీ పిడి పట్టుకున్నాడు. అటు బాపు. ఇద్దరూ ఒకరినొకరు చూడలేరు. ఇద్దరినీ చూడగలిగేది సందు దగ్గరున్న నేనే.

"ఒక్క చుట్టు" అన్నాను. రెండు పిడులూ తిరిగాయి. పలక రాయికి ఆనింది.

"ఇంకొక్కటి."

రాయి కదల్లేదు. గోడ లోపల ఎక్కడో పటుక్కుమంది. అటు అయ్యగారు గట్టిగా ప్రార్థన చేయడం, ఇటు చాచా పెదవుల్లో ఏదో చదవడం రెండూ నా చెవిన పడ్డాయి.

"బాపు, ఆగు! నీ దిక్కు ఎక్కువైంది." రాయి అంచు చర్చి వైపు పైకి లేచింది. "భాయ్, మీరు సగం. మెల్లగా... మెల్లగా... బస్!"

మెకానిక్ చెమటా వాననీళ్లూ కలిసి అతని గడ్డం మీంచి కారుతున్నాయి. ఇంకో సగం చుట్టు తిప్పాక రాయి రాసుకుంటూ పైకి లేచింది. పక్క రాళ్ల మధ్య మళ్లీ కూర్చుంటూ అది చేసిన శబ్దం బరువైన తలుపు మూసుకున్నట్టుంది. పొడి రాలడం తగ్గింది. తర్వాత ఆగింది. బాపు అటు నుంచి చెక్క చీలలు కొట్టి బిగించాడు. ఆయన సుత్తి దెబ్బలు ఆగేదాకా మెకానిక్ పిడి వదల్లేదు.

వాన తెరిపిచ్చాక చాచా చర్చికి వచ్చాడు. అన్నేళ్లు గోడ పక్కనే ఉన్నా ఆయన లోపలికి రావడం అదే మొదటిసారి. గుమ్మం దగ్గర చెప్పులు విడిచాడు. వెనకే మెకానిక్, ఇంకా కొందరు వచ్చి గుమ్మంలోనే ఆగారు. సంఘపెద్ద గోడకు ఆనుకుని బిర్రబిగుసుకుపోయాడు. చాచా కమానును కాదు, ముందు స్తంభాలను చూశాడు. ఒక ఇనుప కడియంలో వేలు పెట్టి తిప్పాడు.

"ఇవి ఇంకా ఉన్నయా?" అన్నాడు. "మా దాదా, మా నాయన నాయన, చెప్పేటోడు. ఇదంతా దేవిడీ వాళ్ల, ఆ నవాబు మహల్ వాళ్ల అస్తబల్. గుర్రాల కొట్టం. గుర్రాలను ఈ కడియాలకే కట్టేటోళ్లంట. మా దాదా సాయిస్, గుర్రాల పని చూసేటోడు. ఆ కమాను కింది నుంచి గుర్రాలను అవతలికి, మా ఇంటి దిక్కుకు తోలేటోళ్లు."

అప్పుడు నాకు వాలిన నేల గుర్తొచ్చింది. కడిగిన నీళ్లు ఒక పక్కకు పోవడానికి పెట్టిన వాలు అది. మసీదులో మెహ్రాబ్, అంటే నమాజు దిక్కు చూపే పడమటి గోడ గూడు, గోడలోనే మూసుకుపోతుంది, గదిలోంచి గదిలోకి దారి ఇవ్వదు. నేను ఆ మాట పైకి అన్నాను. గుమ్మంలో ఉన్నవాళ్లు సందులోంచి అవతలి మందుసీసాలు చూశారు. ఒకరిద్దరు తలలూపారు. దేవిడీ బేగంకు పురుడు పోసిన మిషన్ నర్సుకు సగం కొట్టం ప్రార్థనలకు ఇచ్చారనీ, మిగతా సగం వాళ్ల దాదాకు దక్కిందనీ చాచా చెప్పాడు. అందులో ఎంత నిజమో నాకు తెలియదు. అంతకంటే మంచి సంగతి మాకు ఇప్పటిదాకా దొరకలేదు.

సంఘపెద్దకు మాత్రం అది నచ్చలేదు. "అంటే ఇన్నేండ్ల సంది మనం గుర్రాల కొట్టంల ఆరాధన చేస్తున్నమా?" అన్నాడు.

మా అమ్మ నేల మీది సున్నం ఊడుస్తూ తల ఎత్తలేదు. "ఏసయ్య పుట్టిందేడ? బంగ్లలనా?"

అయ్యగారు ముందు నవ్వారు. తర్వాత బెంచీ మీద కూర్చుని చేతుల్లో ముఖం దాచుకున్నారు. రెండు రోజుల భయం అలా బయటికి వచ్చింది.

అంతటితో అన్నీ సర్దుకున్నాయని చెప్పను. కొన్నాళ్లు ఒక కానిస్టేబుల్ గేటు దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాడు. జాకీ మోసినవాడే తర్వాత ఒకసారి చాయ్ దుకాణంలో పాత మాట ఎత్తాడని విన్నాం. మెకానిక్ వాడిని కసిరాడనీ విన్నాం. వాదనలు నడిచి నడిచి చివరికి కూలగొట్టడం మానుకున్నారు. పాత పద్ధతిలో డంగుసున్నం పెట్టే ఇంకో మేస్త్రిని పిలిచి కమాను రాళ్లన్నీ మళ్లీ బిగించారు. కొన్నేళ్లకు టేకు దూలాలు పుచ్చిపోతే పైన స్లాబు పడింది. అప్పుడు నేను బాధపడ్డాను కాని వానకు తడవకుండా కూర్చున్న రోజు దాన్నీ ఒప్పుకున్నాను.

నా పటం పూర్తిచేయడానికి చాచా ఇంట్లో కూడా కొలతలు తీశాను. రెండు ఇళ్లనూ ఒకే గుడ్డ మీద గీశాను. మధ్యలో ఆ గోడ, గోడలో కమాను. సిరా ఆరాక చూస్తే అది రెండు కట్టడాలుగా కాక ఒక్క కట్టడంగానే కనిపించింది. అయ్యగారు ఒక నకలు, చాచా ఒక నకలు తీసుకున్నారు.

చాచీ మంచాన్ని వేరే గదిలో వేశారు. ఆమె ఒప్పుకోలేదు. గోడ బాగైన వారానికే గొడవపెట్టి మళ్లీ కమాను కిందకే వేయించుకుంది. నేను చూడటానికి వెళ్తే నా చెయ్యి పట్టుకుని ఫిర్యాదు చేసింది. ప్రతి ఆదివారం మా పాటలు వినడం ఆమెకు అలవాటట. మాటలు అర్థం కాకపోయినా రాగాలన్నీ తెలుసట. డోలక్ వాయించేవాడు మూడో పాటలో ఎప్పుడూ తొందరపడతాడట.

"ఇప్పుడు గోడ మస్తు గట్టిగ కట్టిన్రు బేటీ" అంది. "ఏం ఇనవడ్తలేదు. మీవాళ్లకు చెప్పు, కొంచెం గట్టిగ పాడమను."